నలభై ఒకటో పేజీలో నా మైకు

ఓటమి కారణాల విచారణ సంఘం అధ్యక్షులవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పార్టీ మూడోసారి ఓడిపోవడానికి నా మైకు సెట్టే కారణమని తమ నివేదికలో రాసిన వాక్యాన్ని కొట్టివేయించడం గురించి.

ఇరవై రెండేళ్లుగా పార్టీ సభలన్నిటికీ మైకులు బిగిస్తున్న నేను సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

1. నివేదిక నలభై ఒకటో పేజీలో "ధ్వని లోపం వలన నాయకులవారి సందేశము ప్రజలకు చేరలేదు" అని సెలవిచ్చారు. ఇందుమూలముగా మనవి చేయునది, సందేశము చేరినది. చివరి వరుస దాటి, బస్టాండు దాకా చేరినది.

2. ఆఖరి సభలో ఒక పెద్దావిడ లేచి, "నాయనా, మా వీధికి నీళ్లొచ్చి తొమ్మిది రోజులైంది" అన్నది. నాయకులవారు "ముందు కూర్చోవమ్మా! నీళ్లేమైనా నా జేబులో ఉన్నాయా?" అన్నారు. అందులో ఒక్క అక్షరం కూడా గరగరలాడలేదు. సగం కుర్చీలు అప్పుడే ఖాళీ అయ్యాయి. వినబడకపోతే జనం ఎందుకు లేచిపోయారో సంఘంవారే సెలవియ్యాలి.

3. మొదటి ఓటమికి వానను, రెండో ఓటమికి గోడల మీద రాతలు రాసిన పెయింటరును బాధ్యులను చేసియున్నారు. పెయింటరు ఆ పనే మానుకున్నాడు. వానకు పెళ్లాం పిల్లలు లేరు, నాకున్నారు. నాయకులవారు మాత్రం అదే కుర్చీలో కదలకుండా ఉన్నారు.

4. నివేదిక పేపర్లో పడినప్పటి నుంచి నన్ను పిలిచే నాథుడు లేడు. మొన్న పొరుగూరి పెళ్లివారు అన్నీ మాట్లాడుకుని కూడా, "పార్టీనే ముంచిన మైకు మాకెందుకులే అన్నా" అని వేరేవాణ్ణి పెట్టుకున్నారు. నా భార్య "ఇన్ని సభలు చేశావు గదా, ఒక్కసారైనా ఆ మైకులో నీ మాట చెప్పుకున్నావా?" అని అడిగింది. ఆంప్లిఫయర్ మీద దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాను.

కావున సదరు వాక్యం కొట్టివేసి, ఓటమికి అసలు కారకులెవరో వారి పేరే రాయించవలెనని ప్రార్థన. రాయడానికి చెయ్యి రాకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి, జనం నింపుకుంటారు. నా మొర ఈ ఒక్కసారికి చిత్తగించవలెను.

ఇంకా ఎన్నాళ్లో తెలియదు గానీ, ప్రస్తుతానికి తమ విధేయుడు,
మైకు సెట్టువాడు

మరిచిన మాట: నివేదిక ఖరారు చేసిన రోజు సంఘంవారి బల్ల మీద పెట్టింది కూడా నా మైకే. టీ తాగేటప్పుడు దాన్ని ఎవరూ ఆపలేదు, ఆపమని నాకూ చెప్పలేదు. బయట కార్యకర్తల కోసం కట్టిన రెండు హారన్ స్పీకర్లూ వీధివైపే ఉన్నాయి. "ఓడింది ఆయన నోటి వల్లేనని మనందరికీ తెలుసు. ఆ ముక్క ఆయనతో ఎవరనగలరు? మైకువాడి మీదికి తోసేయండి, వాడేం చేస్తాడు?" అని తమరు అన్నది నేనూ విన్నాను, ఎదురు దర్జీ దుకాణంలో నలుగురూ విన్నారు, బడి గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లులూ విన్నారు. మైకు సంగతి ఇంకా అనుమానంగా ఉంటే వాళ్లను విచారించండి. తమరు టీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు కూడా స్పష్టంగా వినబడిందని చెబుతారు.