పేరు అడిగే గడి

ధర్మవరం
జూన్ 9, 2003

కంప్యూటర్ వచ్చింది. హరి హిందూపురం నుంచి బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. హరి నా మరిది, అక్కడ నెట్ సెంటర్‌లో పని. చీరలు మడిచే గదిలో బల్ల మీద పెట్టారు. అత్త దానికి పసుపు కుంకుమ పెట్టింది. ఫోన్ వైరు కూడా దానికే పోతుందంటే ఆమెకు నచ్చలేదు. మా చెల్లెలు ఫోన్ చేస్తే ఈ పెట్టె మాట్లాడతాదా అంది.

జూన్ 11

హరి చెప్పింది రాసుకుంటున్నాను, మరిచిపోతానని. మా షాపుకు మెయిల్ పెట్టె ఒక్కటే. దానికి పేర్లు మాత్రం ఎన్నైనా పెట్టొచ్చు. ఆర్డర్స్, అకౌంట్స్, డిజైన్స్. అలియాస్ అంటారట. ఏ పేరుకు రాసినా వచ్చి పడేది ఒక్క చోటే. మనం పంపేటప్పుడు ఏ పేరు కావాలంటే ఆ పేరుతో పంపొచ్చు. బెంగళూరోళ్లు చూసి ఏమప్పా, వీళ్లది పెద్ద కంపెనీ ఉండాదే అనుకోవాల వదినా, ఈడ ఉండేది మీరు ముగ్గురేనని వాళ్లకేం తెలుస్తాది అన్నాడు. ఆయన చాలాసేపు నవ్వారు.

జూన్ 12

కల వచ్చింది. ఒక ఇంటికి మూడు వాకిళ్లు. ఏ వాకిట్లో పిలిచినా నేనే పోయి తీస్తున్నాను. ఒక్కో వాకిట్లో ఒక్కో పేరుతో పిలుస్తున్నారు. నా పేరు ఎవరూ అనలేదు.

జూన్ 16, మధ్యాహ్నం

ఆయన మగ్గాల దగ్గరికి పోయారు. హరి ఫోన్‌లో చెప్తుంటే నేను నొక్కాను. టూల్స్, అకౌంట్స్, యాడ్, మెయిల్. అప్పుడొక గడి వచ్చింది. పంపేవాళ్ల పేరు అడుగుతుంది. డిజైన్స్‌కు డిజైన్ డిపార్ట్‌మెంట్ అని కొట్టమన్నాడు. కొట్టాను. ఆర్డర్స్‌కు అన్న పేరు కొట్టు వదినా అని ఫోన్ పెట్టేశాడు.

నేను చదివింది పెనుకొండలో ఏడో తరగతి. ఒక్కో ఇంగ్లీషు అక్షరం పైకి అనుకుంటేగాని నా వేలు దాని మీదికి పోదు. పక్కనే అత్త వేరుశనగ కాయలు వలుస్తోంది. ఆమె ఎట్లాంటిదంటే, ఓటరు లిస్టు రాసేవాడు మామ పేరు అడిగితే గోడ మీది క్యాలెండర్ దేవుణ్ణి చూపించిన మనిషి. ఆమె ముందు ఆయన పేరు ఎట్లా పలకను?

ఇంటాయన అని కొట్టి ఓకే నొక్కాను.

జూన్ 25

కంప్యూటర్‌తో పాటు వచ్చిన స్కానర్ అంటే నాకిష్టం. చీర కొంగు గాజు మీద బోర్లా పరిచి మూత వేస్తే కింద వెలుగు మెల్లగా పాకుతుంది. ఏటి నీళ్ల అడుగున ఎవరో దీపం పట్టుకుని నడుస్తున్నట్టు ఉంటుంది.

రంగులు కలిపేది నేనే. ఏ అంచుకు ఏ ఒళ్లు, ఏ కొంగు అని దారాలు పక్కపక్కన పెట్టి చూస్తాను. ఆయన వాటినే మగ్గానికి ఇస్తారు. ఈసారి వక్కరంగు ఒంటికి చిలకపచ్చ అంచు పెట్టాను. సందెవేళ పెనుకొండ కొండ అట్లాగే ఉంటుంది.

జూలై 4

డిజైన్స్‌కు మెయిల్. మేం స్కాన్ చేసి పంపిన కొంగులు చూసి, బెంగళూరు షాపు మేడమ్. ఇంగ్లీషు అక్షరాల్లో కన్నడం రాసింది. మా అవ్వది అమరాపురం. ఆమె ఒడిలో విన్న కన్నడమే కాబట్టి అర్థమైంది. ఈ బణ్ణ యారు ఆరిసిద్దు అని. ఈ రంగులు ఏరింది ఎవరని.

జూలై 7

మేడమ్‌కు ఆయన చెప్పినట్టే జవాబు కొట్టాను. మా డిజైన్ డిపార్ట్‌మెంట్ అని. ఆయన చెప్తారు, నేను కొడతాను. అక్షరాలు వెతకడం ఆయనకు విసుగు. ఈ రోజు మేడమ్ మళ్లీ రాసింది. డిపార్ట్‌మెంట్‌కు కళ్లుంటాయా, మనిషి పేరు చెప్పండి, ఇక రంగుల సంగతి ఆ మనిషికే రాస్తాను అని.

ఆయన హరి పేరు పెడదామన్నారు. వద్దు సామీ, నాకు పచ్చకూ నీలానికీ తేడా తెలీదు, వదినది పెట్టు అన్నాడట హరి. అత్త గదిలోంచే, ఇంటి కోడలి పేరు బెంగళూరు బజార్లో ఏల తిప్పుతారురా అంది. ఆయన నా వైపు చూశారు. ఇదో, కాఫీ పెట్టు అన్నారు.

పెళ్లయిన నాటి నుంచి నేను ఇదోనే. ఈ ఇంట్లో అంతే, తప్పు పట్టను. కానీ ఆ గడిలో నా పేరు ఉండాలని ఉంది. ఇంత గట్టిగా నేను ఇంకేదీ కోరుకోలేదు. అడగడానికి నోరు రావడం లేదు.

జూలై 8

నేనే కొట్టొచ్చు. ఆ గడి దాకా పోయాను. అడగకుండా తీసుకుంటే ఆ పేరు నాది కాదనిపించి వచ్చేశాను.

జూలై 14

మేడమ్ ఈసారి ఆర్డర్స్‌కు రాసింది. ఇంటాయన అవరిగె నమస్కార, ఇంటాయన గారికి నమస్కారం అని మొదలుపెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, ఈ ఇంటాయన ఎవడబ్బా అన్నారు. నేను వంటింట్లోకి పోయాను. అత్తకు ముందు అర్థమైంది. నువ్వేరా, ఈ పిల్ల నీ పేరు యాడ చెప్తాది అని కళ్లలో నీళ్లొచ్చేటట్టు నవ్వింది.

ఆయన నవ్వలేదు. నెల రోజులుగా అన్నీ ఆ పేరుతోనే పోయినాయా అని మాత్రం అడిగారు. తలుపు చాటు నుంచి తల ఊపాను.

జూలై 16, పెనుకొండ

అమ్మకు జ్వరమని వచ్చాను, తగ్గింది. మేడమీద కూర్చుని రాస్తున్నాను. కొండ మీద వక్కరంగు దిగుతోంది. ధర్మవరం వైపు రైలు పోతోంది. అమ్మ కింద నుంచి సత్యా అని పిలిచింది. వినబడనట్టు ఉన్నాను, ఇంకోసారి పిలుస్తుందని.

జూలై 18, ధర్మవరం

నిన్నంతా మావాడు ఆ పెట్టె ముందే కూర్చున్నాడు, హరితో ఫోన్‌లో ఒకటే గొణుగుడు అని అత్త చెప్పింది.

పెట్టె తెరిచాను. డిజైన్స్ నుంచి మెయిల్ ఉంది. పంపినవారు సత్యభామ. నేను పంపలేదు. లోపల ఒక్కటే మాట. ఇదో.

ఆర్డర్స్ గడిలో ఇంటాయనను చెరిపి, ఆయన పేరు కొట్టాను. ఏమ్మే, పెదాలు కదలకుండా ఏం కొడతాండావు అంది అత్త.

ఆయన పేరుతో నా పేరుకు ఒక ఖాళీ మెయిల్ పంపాను. కాసేపటికి అదే పెట్టెలోకి వచ్చి పడింది.