వేరు కంచం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నేను తాగుతున్నానని మన బంధువర్గంలో ప్రచారమవుతున్న వార్తకు ఒక సవరణ. నేను తాగేది కాఫీ, అదీ చక్కెర లేకుండా. మొన్న నా ఇంటికి వచ్చిన మరదలు బల్లమీది కాలేయం రిపోర్టు చూసింది. చదవలేదు, చూసింది. చీకటి పడేలోగా నేను తాగుబోతునయ్యాను. నా కెమిస్ట్రీ పాఠాలు ఇంత వేగంగా వ్యాపించి ఉంటే ఒక్క విద్యార్థీ తప్పేవాడు కాదు.

నాకు సోకినది హెపటైటిస్ సి అనే వైరస్. రక్తం ద్వారా ఒంట్లో చేరి, ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కాలేయాన్ని తింటుంది. అచ్చం చుట్టంలాగే, కాకపోతే పుకార్లు పుట్టించదు.

ఇట్లు,
తన కాఫీ తానే కాచుకుంటున్న నీ అక్క

తా.క. ఈ మధ్య నీకు నీరసంగా ఉంటోందా? నిజం రాయి.

*

అక్కయ్యకు నమస్కారాలు.

తాగుడు కాదని తెలిసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. వైరస్ అనగానే మళ్లీ బిగబట్టాం. అంటే కామెర్లే కదా. తెలిసినాయన దగ్గర పసరు తెచ్చి పంపుతున్నాను. నువ్వింక ఒంటరిగా ఉండటానికి వీల్లేదు. మా వెనక గది ఖాళీ చేయించాను. నీకు వేరు కంచం, వేరు గ్లాసు కొన్నాం. మావాటితో కలిసిపోకుండా అంచులకి ఎర్రరంగు కూడా వేయించాను. సోమవారం మా కొట్టు వ్యాను వస్తుంది. కాదనకు. ఆపరేషన్నాడు నీకెక్కించింది నా రక్తం. ఆ మాత్రం హక్కు నాకుంది.

ఇట్లు,
నీ రక్తదాత తమ్ముడు

తా.క. నీరసమంటావా, ఉంది. ముద్ద దిగట్లేదు. అంతా నీమీద బెంగే.

*

తమ్ముడికి,

పసరు అందింది. తిరిగి పంపుతున్నాను. అందులో ఏముందో కాచినవాడికైనా తెలుసో లేదో. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నా కళ్లు తెల్లగానే ఉన్నాయి, పచ్చగా కనిపిస్తున్నది నీకే.

ఈ వైరస్ కంచం వల్ల రాదు, గ్లాసు వల్ల రాదు, పక్కన కూర్చుంటే రాదు. పక్కన కూర్చుంటే వచ్చేవి సలహాలు. నా ఇల్లు నేను వదలను.

ఇక నీ రక్తం సంగతి. ఆనాడు సీసాడు రక్తమిచ్చి కళ్లు తిరిగి పడిపోయి, నాకు తెచ్చిన పళ్లరసం నువ్వు తాగావు. అప్పటినుంచి మన ఇంట ఏ పెళ్లి జరిగినా భోజనాల దగ్గర ఆ సీసా కథ వింటూనే ఉన్నాను. పళ్లరసం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇట్లు,
ఇంకా తన ఇంట్లోనే ఉన్న నీ అక్క

తా.క. నీ కాళ్లు వాస్తున్నాయా?

*

అక్కా,

పసరు చేరింది. పారబోయడానికి మనసొప్పక నేనే తాగుతున్నాను. ఇంత మొండిగా రాస్తోందంటే జబ్బు ముదిరిందనే అర్థమని నీ మరదలు అంటోంది. సోమవారం మేమిద్దరం వ్యానులో వస్తున్నాం. నీ మంచంతో సహా నిన్ను ఎక్కించుకుని తెస్తాం.

ఇట్లు,
నీ మేలు కోరి తిట్లు తింటున్న తమ్ముడు

తా.క. కాళ్ల సంగతి నీకెవరు చెప్పారు? చెప్పులు పట్టట్లేదు. నీ గది కోసం తిరిగి తిరిగి అలా అయ్యాయి.

*

తమ్ముడూ,

ముందు ఆ పసరు పారబోయి. తరువాత కూర్చుని చదువు.

మరదలు చూసినది, వైరస్ నా ఒంట్లోంచి పోయిందన్న రిపోర్టు. మూడు నెలలు మాత్రలు వేసుకున్నాను. ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్లాను, ఒక్కదాన్నే వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే వ్యాను వస్తుందని తెలుసు.

ఇది ఎలా సోకిందని డాక్టరు అడిగాడు. నాకు జీవితంలో ఒకే ఒక్కసారి రక్తం ఎక్కించారు. రక్తంలో ఈ వైరస్‌ను పట్టే పరీక్ష అప్పటికి లేదు. ఇచ్చినదెవరని అడిగాడు. అన్ని పెళ్లిళ్లలో విన్న పేరు నేను మరిచిపోతానా?

నీ తప్పేమీ లేదు. ఆ సీసా లేకపోతే ఈ వయసూ లేదు, నీకు ఈ తిట్లూ లేవు. భయపెడితే డాక్టరును వదిలి పసరు దగ్గరకు పరుగెడతావని ముందు లక్షణాలు అడిగాను. నువ్వు భయపడకుండానే పరుగెత్తావు.

ఎర్ర అంచు కంచం ఇక నీ ముందు పెడతారేమో. మరదలికి నా కిందటి ఉత్తరం చదివి వినిపించు. ఈసారి చూడటం కాదు, వినమను.

సోమవారం వ్యాను రానీ. మంచం ఎక్కదు. నేనే ఎక్కి నీ పక్కన కూర్చుంటాను.

ఇట్లు,
నీ రక్తం పంచుకున్న అక్క

తా.క. మా డాక్టరు దగ్గర నీ పేరు రాయించేశాను. నిన్ను అడగలేదు.