ఓకే అని ఉన్న టికెట్

కొత్తగూడ, 1998, మంగళవారం

పొద్దున బొంబాయిలో అన్న పోయాడని ఫోను. హైటెక్ సిటీ సైటు నుంచి సిమెంటు అంటిన బట్టలతోనే పరుగెత్తి, టికెట్ కొని, బేగంపేట ఎయిర్‌పోర్టు చేరాను. కౌంటర్లో అమ్మాయి విమానం నిండిపోయిందంది.

"టికెట్ మీద ఓకే అని ఉన్నది గదమ్మా, సీటు ఖాయమనే గద! గిదేం అన్యాయం?"

"ఓకే అందరి టికెట్ల మీదా ఉంటుందండి. సీట్లకు మించి అమ్మారు. రేపు పంపిస్తాం."

చేతిలో భోజనం కూపన్ పెట్టింది. అన్న శవం ఇంకా లేవలేదు, నాకు భోజనమట!

ఎస్టీడీ బూత్ నుంచి వదినకు చెప్పాను.

"పొద్దు గూకుతున్నది శ్రీనూ. నీ కోసమే ఆపినం. ఇగ ఏం జెయ్యాలె?"

"కానియ్యి వదినా" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

రేపటి టికెట్ మీద కూడా ఓకే అనే ఉంది. రేపు వెళ్లి ఎవరి ముఖం చూడాలి?