పక్క కుర్చీ

ఏలూరు, గురువారం రాత్రి

పిల్లల పక్కన ఎంతకాలం కూర్చోవాలి? హాసిని ఒకటో తరగతిలో చేరినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడది ఏడో తరగతి. కరోనాకి బడులు మూసేశాక, ఆన్‌లైన్ క్లాసులో కునుకు తీస్తోందని రోజూ ఫోన్‌లో కనపడకుండా దాని పక్కనే కూర్చుంటున్నాను.

ఇవాళ మేడమ్ హాసినిని, "కొల్లేరు మంచినీటి సరస్సా, ఉప్పునీటిదా?" అని అడిగారు. అది పలకలేదు. మంచినీటిదని నేను గుసగుసగా అందించాను, అది అప్పజెప్పింది.

"వెరీ గుడ్ హాసినీ!"

అది మైక్ ఆపేసి ఫోన్ నా వైపు జరిపింది. "నిన్నే మెచ్చుకున్నారమ్మా. థాంక్యూ చెప్పు."

"నీకు తెలీదేమోనని చెప్పానే..."

"నాన్న చేపల చెరువు అక్కడేగా! తెలుసమ్మా. చెప్పాలనిపించలేదంతే."

తెలియకపోతే నేర్పగలను. చెప్పాలనే అనిపించకపోతే ఏం చెయ్యను? రేపు తొమ్మిదికి మళ్ళీ క్లాసు. లేచి వెళ్తే నిద్రపోతుంది. కూర్చుంటే దాని చదువు నేనే చదివేస్తాను. కూర్చోవాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.