అన్‌ఫిట్ గుండె

ఫిబ్రవరి 11

అన్‌ఫిట్. ఒక్క మాటతో ఉద్యోగం ఊడింది. ఏటా చేసే మెడికల్‌లో ఈసారి కొత్తగా ఈసీజీ పెట్టారు. గీతలు తలకిందులుగా వచ్చాయట. నాకెప్పుడో హార్ట్ ఎటాక్ వచ్చి పోయిందట. కంపెనీ క్లినిక్ డాక్టర్ నా మొహం కూడా చూడలేదు, కాగితం చూశాడంతే. చుట్టం వచ్చి పోతేనే నెల రోజులు చెప్పుకుంటాం, గుండెపోటు వచ్చి పోతే నాకు తెలియదా?

ఈ పరాయి దేశంలో ఇన్ని బిల్డింగులకి పరంజాలు కట్టాను. ఒక్కసారి కళ్లు తిరగలేదు.

ఫిబ్రవరి 12

భయంగా ఉంది. మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగి ఊపిరి చూసుకుంటున్నాను.

ఫిబ్రవరి 15

రూమ్‌లో తాపీమేస్త్రి ఉన్నాడు, అందరం మామయ్య అంటాం. ఆయన చెడామడా తిట్టాడు. టికెట్ చేతిలో పెట్టగానే నోరు మూసుకుని విమానం ఎక్కేస్తావా, గవర్నమెంటు డాక్టర్ సర్టిఫికెట్ లేకుండా జబ్బు పేరు చెప్పి ఎవర్నీ తీసేయకూడదురా అన్నాడు. లేబర్ ఆఫీసుకి లాక్కెళ్లి కేసు వేయించాడు. ఇంటి దగ్గర మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

మార్చి 4

లేబర్ ఆఫీసు వాళ్లు గవర్నమెంటు ఆసుపత్రికి పంపారు. డాక్టరమ్మ స్టెత్ ఎడమవైపు పెట్టి, సరిగ్గా వినపడదేమిటి అని గొణిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత కుడివైపు పెట్టింది. నర్సుని పిలిచి వినమంది. చివరికి స్టెత్ నా చెవులకే తగిలించింది.

ఎంత నింపాదిగా కొట్టుకుంటోందో!

పుట్టినప్పటి నుంచీ నా గుండె కుడివైపే ఉందట. లివర్‌తో సహా లోపలివన్నీ అద్దంలో చూసినట్టు అటువి ఇటు, ఇటువి అటు. జబ్బు కాదట. వైర్లు అందరికీ పెట్టినట్టు ఎడమవైపు పెడితే గీతలు అలాగే వస్తాయి అంది. ఇంత వింతని లోపల పెట్టుకుని నేను పైపులు మోస్తూ తిరిగానా! ఒళ్లు గగుర్పొడిచింది. బస్సులో కూడా అటే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

మార్చి 20

హియరింగ్. మరి ఏటా తీసే ఎక్స్‌రేలో కనపడలేదా అని లేబర్ ఆఫీసర్ అడిగాడు. క్లినిక్ టెక్నీషియన్ లేచి ఒప్పుకున్నాడు. బొమ్మ తిరగబడి వచ్చిందనుకుని ఏటా తనే తిప్పి సరిచేసేవాడట! నా గుండెని ఎడమకి మార్చిన మహానుభావుడు ఇతనన్నమాట. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

కంపెనీ లాయర్ వదల్లేదు. గుండె ఉండాల్సిన చోట లేనివాణ్ణి అంత పైకి ఎలా ఎక్కిస్తాం అన్నాడు. చోటు సంగతి తర్వాత, పని చేస్తోందా లేదా అన్నాడు ఆఫీసర్. నిక్షేపంగా చేస్తోందని డాక్టరమ్మ వచ్చి చెప్పింది.

ఏప్రిల్ 2

ఆర్డర్ వచ్చింది. తీసేయడం చెల్లదు. సోమవారం నుంచి డ్యూటీ.

రూమ్‌లో వాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి నా ఛాతీ మీద అరచెయ్యి పెట్టి చూశారు. మామయ్య అయితే రెండోసారి కూడా వరసలో నిలబడ్డాడు.

ఏప్రిల్ 3

మా ఆవిడకి ఫోన్‌లో అంతా చెప్పాను. ఆశ్చర్యపోలేదు. పెళ్లైన దగ్గర్నుంచీ అటే కదా చెవి ఆనించి పడుకునేది, మగాళ్లందరికీ అక్కడే ఉంటుందనుకున్నాను అంది.