చెయ్యి ఊపకు

లొరెటా అక్కకి,

ఒళ్లు మండి కార్మైన్ రాస్తున్నది. మూడు వీధుల అవతల ఉండి ఉత్తరమేమిటంటావేమో. నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను, రాయనని పెట్టుకోలేదు. కాసినోల్లో పొగతాగడం నిషేధించే చట్టం వద్దని సముద్రపొడ్డున బోర్డ్‌వాక్ బాట మీది కొట్లవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించానని నీకు నామీద కచ్చ. సరే, ఆ కచ్చ నా గిరాకీ మీద చూపిస్తావా? నిన్న ఒకాయన నా కొట్లో కొన్న శాండ్‌విచ్ సగంలో వదిలేసి తిట్టిపోశాడు. కాసినోలో నువ్వు చక్రం తిప్పే రూలెట్ బల్ల దగ్గర పందెం కాయబోతుంటే చెయ్యి ఊపి పొమ్మన్నావట. పొగరాయుళ్లను తరిమేస్తే అట్లాంటిక్ సిటీలో మిగిలేది సముద్రపు కాకులే. అవి డబ్బిచ్చి తినవు.

నీ తమ్ముడు

తా.క. ఆ సగం శాండ్‌విచ్ వాటి పాలే అయింది.

ఒరేయ్ కార్మైన్,

దీవెనలు తర్వాత, ముందు తిట్లు. నేనెవర్నీ పొమ్మనలేదు. ఆ పెద్దమనిషి చుట్ట పొగ నా మొహాన ఊదితే చేత్తో విసురుకున్నాను. రూలెట్ బల్ల మీద మేం చెయ్యి ఊపితే ఇక పందేలు చాలని అర్థం. పైనున్న కెమెరాకి పొగ కనబడదు, చెయ్యే కనబడుతుంది. ఇప్పటికే రెండు హెచ్చరికలిచ్చారు. ఇంకోసారి ఊపానంటే ఉద్యోగం ఊడుతుంది. పొగతాగే చోటికీ తాగని చోటికీ మధ్య తివాచీ మీద గీత ఉంది. దాన్ని దాటకూడదని పొగకి ఎవరూ చెప్పలేదు. నీ కొట్లో ఎవడైనా సిగరెట్టు వెలిగిస్తే మాత్రం చీపురు పట్టుకొస్తావు. శాండ్‌విచ్‌లో పెట్టే నీ హామ్ మాంసం ముక్కలకున్న విలువ నా ఊపిరితిత్తులకి లేదా?

నీ అక్క

తా.క. రోజుకెన్ని తాగుతావమ్మా అని డాక్టరు అడిగాడు. జన్మలో ఒక్కటీ ముట్టలేదంటే, అందరూ అలాగే అంటారన్నాడు.

అక్కా,

నీ దగ్గూ, డాక్టరూ అంతా నాటకం. కిందటి చలికాలం గిరాకీ లేక నా దగ్గర పనిచేసే ఇద్దర్ని తీసేశాను. వాళ్లకీ ఊపిరితిత్తులున్నాయి, వాటి కింద కడుపులూ ఉన్నాయి. శనివారం నేనే వచ్చి మీ కాసినోలో కూర్చుంటాను. ఆ పొగ ఏపాటిదో నా ముక్కుతోనే తేల్చుకుంటాను.

కార్మైన్

తా.క. పలకరించకు. ఒట్టు ఇంకా ఉంది.

కార్మైన్,

రా. నా పక్కనే బ్లాక్‌జాక్ అనే పేకాట బల్ల ఉంది, అక్కడ కూర్చో. చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకో.

లొరెటా

అక్కా,

చేతులు ఒళ్లో పెట్టుకోమంటే నన్ను దొంగ కింద జమకట్టావనుకుని, పంతానికి రెండు చేతులూ బల్ల మీదే పెట్టుకు కూర్చున్నాను. పక్క కుర్చీలో ఆవిడ ఒకటి ఆర్పకుండానే ఇంకోటి ముట్టిస్తోంది. నాకు ఒక రెండు ముక్కా, ఒక మూడు ముక్కా పడ్డాయి, కలిపితే ఐదు. కళ్లు మండి చెయ్యి ఊపాను. అంతే, ముక్కలు పంచేవాడు నన్ను దాటేసి పక్కావిడకి వేశాడు. ఆ ఆటలో చెయ్యి ఊపితే ఇక ముక్క వద్దని అర్థమట. ఇరవయ్యొకటికి దగ్గరవ్వాల్సిన చోట ఐదు మీద ఆగిపోయాను.

"పొగకి ఊపానయ్యా" అన్నాను.

"నోటిమాట చెల్లదు సార్. కెమెరాకి చెయ్యే కనబడుతుంది" అన్నాడు.

బల్లంతా నవ్వింది. నీ భుజాలు కూడా అదురుతుంటే నువ్వూ నవ్వుతున్నావనుకుని తిట్టడానికి లేచాను. నువ్వు నవ్వడం లేదు, దగ్గుతున్నావు. చేతులు లేవకుండా బల్ల అంచు గట్టిగా పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా నిలబడ్డావు.

నాకు ఒళ్లు మండిపోయింది. నీ మీద కాదు. పొగ పోతే నా కొట్టు నిలుస్తుందో లేదో ఇప్పటికీ తెలీదు, భయంగానే ఉంది. అయినా గురువారం ఈ చట్టం మీద జరిగే చట్టసభ విచారణలో నీ పక్కన నిలబడి ఈ సంగతంతా చెబుతాను. తోటి కొట్లవాళ్లు ద్రోహి అంటే అననీ.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన
నీ తమ్ముడు

తా.క. అక్కడ మాట్లాడదలచినవాళ్లు చెయ్యెత్తాలట. నువ్వు రెండూ ఎత్తు. హెచ్చరిక ఎవరిస్తారో చూస్తాను.