సరుగుడు కొమ్మకు రెండు మూటలు

నంద్యాల, 1957 అక్టోబరు

అరచేతి లోతు కుండీలో పొట్టి చెట్టుగా పెంచాలని, వానల మొదట్లో మా సరుగుడు కొమ్మకు బెరడు ఉంగరంలా ఒలిచి, తడిమట్టి పెట్టి, గోనెగుడ్డతో అంటు కట్టాను. ఈరోజు విప్పితే తెల్లటి వేర్లు! సరుగుడుకు వేర్లు రావన్నవాళ్లంతా వచ్చి చూడాలి.

రంపం పెట్టానో లేదో పక్కింటి సుబ్బమ్మత్త పరిగెత్తుకొచ్చింది.

"ఏందప్పా, కొమ్మ కోస్తాండావ్? దానికి నేను ముడుపు కట్టినా గదా!"

నిజమే, పైన పసుపుగుడ్డ మూట. నా అంటును ఎవరిదో ముడుపనుకుని, ఆళ్లగడ్డలో ఉన్న కూతురి కడుపు పండాలని తనదీ కట్టిందట.

"నాది వేరు పట్టిందత్తా. నీది పట్టకుండా యాడికి పోతుంది?" అన్నాను.

ముడుపుతో సహా కుండీలో నాటాను. ఇక ఈ చెట్టు చావడానికి వీల్లేదు.